ఇసుకలో ఉన్నవాడికి ఒక కొసరు

అట్రాక్టా పాడెన్ గురించి రాస్తున్నానని తెలిస్తే ఆమె అనబోయే మొదటి మాట నాకు తెలుసు: "నీకు వేరే పనేం దొరకలేదటే, డింప్నా?" రెండో మాట అచ్చులో పెట్టదగింది కాదు. అయినా రాస్తాను. మేమిద్దరం ఒకే సందులో ఎదురెదురు ఇళ్ళలో పుట్టాం, ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే టీచరు చేత దెబ్బలు తిన్నాం. ఆమె మంచితనాన్ని ఆమె ముందు పొగిడితే చెంప పగులుతుంది కాబట్టి, కాగితం మీదే ఆ ముచ్చట తీర్చుకోవాలి.

మాది ఐర్లండ్‌లో మేయో జిల్లా పడమటి కొస, ఎరిస్. మా తర్వాత సముద్రమే. ఇక్కడ అట్రాక్టా పాతికేళ్ళకు పైగా స్కూలు బస్సు నడిపింది. ఆ బస్సుకు ఒక పద్ధతి ఉండేది. పిల్లో పిల్లవాడో దిగి, సందంతా నడిచి, ఇంటి తలుపు తీసుకుని లోపలికి అడుగు పెట్టేదాకా బస్సు అంగుళం కదలదు. వెనకాల ట్రాక్టర్లు, పాల లారీ, పశువుల డాక్టరు బారులు తీరి హారన్లు కొట్టినా సరే. ఒకసారి ఆ డాక్టరు దిగొచ్చి, "ఇక్కడే పొయ్యి పెట్టి వంట చేసుకుంటావా తల్లీ?" అని అరిచాడు. "చేస్తే నీకూ ఒక ప్లేటు పెడతాలే, కూర్చో" అంది అట్రాక్టా, కళ్ళు మాత్రం సందు చివర నడుస్తున్న పిల్ల మీద నుంచి తిప్పకుండా. తలుపు తెరుచుకోని రోజున ఆ పిల్లను మళ్ళీ బస్సెక్కించుకుని తన ఇంటికి తీసుకెళ్ళిపోయేది. వాళ్ళమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి ఆ పిల్ల వెన్న రాసిన సోడా రొట్టె తింటూ, ముసలి ఆస్టిన్ దగ్గర కొత్త తిట్లు నేర్చుకుంటూ ఉండేది.

ఆస్టిన్ అట్రాక్టా తండ్రి. ఎండ్రకాయలు పట్టి బతికిన మనిషి. ఎవరినీ ఒక పట్టాన మెచ్చుకోడు, నోరు తెరిస్తే వెటకారం. కానీ ఆయనలో ఒక విచిత్రం ఉంది. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క రాత్రి కూడా సొంత ఇల్లు వదిలి పడుకోలేదు. తన ఈడు కుర్రాళ్ళంతా వేసవి రాగానే జట్టుగా స్కాట్లండ్ వెళ్ళి బంగాళాదుంపలు తవ్వి, చేతిలో నాలుగు డబ్బులతో తిరిగొచ్చేవాళ్ళు. ఆస్టిన్ మాత్రం పస్తులైనా ఉన్నాడు గాని పడవెక్కలేదు. గుండె పట్టేసినప్పుడు డాక్టరు ఆస్పత్రిలో చేరమంటే, "మా ఇంట్లోంచి ఒకడు వెళ్ళి రాలేదు. ఆ ఒక్కడూ చాలు" అన్నాడు.

ఆ ఒక్కడు ఆయన తండ్రి, మైల్స్ పాడెన్. ఆస్టిన్ తల్లి కడుపులో ఉండగానే మైల్స్ దుంపల జట్టుతో స్కాట్లండ్ వెళ్ళాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు. మిగతా జట్టు తిరిగొచ్చింది, అతను రాలేదు. ఊళ్ళో రెండు కథలు తిరిగేవి. స్కాట్లండ్‌లో పాలు పితికే పిల్లను ఎవరినో తగులుకుని అక్కడే ఉండిపోయాడన్నది ఒకటి. ఇంగ్లీషు రాజు కోటు తొడుక్కుని సిపాయిగా పోయాడన్నది రెండోది. మొదటి కథ నిలిచింది, రెండోది ఎందుకో త్వరలోనే మాయమైంది. మొదటిదాన్ని నిలబెట్టిన ఘనత మా అమ్మమ్మ విన్నీదే. తనూ ఆ జట్టులోదే కాబట్టి ఆమె మాటకు తిరుగు లేదు. ఆ పాలపిల్లకు ఎర్రజుట్టు, కొద్దిగా మెల్లకన్ను, పొడుగు నాలుక అని ఏడాదికొక నగ పెట్టి మరీ చెప్పేది.

బళ్ళో ఆస్టిన్‌ను "మీ నాన్న ఏ ఆవు కింద ఉన్నాడ్రా?" అని ఏడిపించేవాళ్ళు. ఆయన ముక్కు వంకర ఆ గొడవల్లో వచ్చిందే. నేనెరిగి ఆయన "నాన్న" అన్న మాట ఎన్నడూ అనలేదు. "ఆ మనిషి" అనేవాడు. సుత్తి బొటనవేలి మీద పడినా, వల తెగినా, వాన వచ్చి ఎండుగడ్డి పాడైనా తిట్లన్నీ ఆ మనిషికే.

తల్లి సబీనా మాత్రం భర్తను ఒక్క మాట అనలేదు, అలాగని వెనకేసుకునీ రాలేదు. అన్ని కథలు అల్లిన మా అమ్మమ్మతోనే ప్రతి ఆదివారం కూర్చుని టీ తాగేది. ఈవిడని ఆవిడ ఎలా భరిస్తోందా అని మా అమ్మ ముక్కున వేలేసుకునేది.

ఇక్కడ మా జపమాల గురించి చెప్పాలి. ఇప్పుడంటే టీవీ వచ్చి అదంతా పోయింది గాని, అప్పట్లో ప్రతి ఇంట్లో సాయంత్రం టీ అయ్యాక అందరూ పొయ్యికి వీపు పెట్టి, కుర్చీల మీద మోచేతులు ఆనించి, మోకాళ్ళ మీద జపమాల చెప్పేవాళ్ళు. జపమాల ఏ ఇంట్లోనైనా ఒకటే. తేడా అంతా కొసరులో ఉండేది. జపమాల ముగిశాక ఇంటి పెద్ద ఒక్కొక్కళ్ళనే తలుచుకుని ఒక్కో జపం కలపడమే కొసరు. బతికి ఉన్నవాళ్ళకు మంగళవార్త జపం, పోయినవాళ్ళకు నిత్య విశ్రాంతి. ఎవరికి ఏది చెప్పాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. బతికున్న మనిషికి పొరపాటున నిత్య విశ్రాంతి చెబితే వీపు విమానం మోతే.

సబీనా కొసరు మా సందులోకెల్లా పొడుగు. అమ్మకు, నాన్నకు, చిన్నప్పుడే పోయిన చెల్లెలికి, స్కాట్లండ్ పొలాల్లో ఉన్నవాళ్ళకు, పడవల్లో ఉన్నవాళ్ళకు, ఒక్కోసారి ఈనబోయే ఆవుకు కూడా. ఆ ఇంట్లో ఇరుక్కుపోయిన సాయంత్రాల్లో నా మోకాళ్ళు ఎంత ఏడ్చాయో నాకే తెలుసు. ఇక అయిపోయింది, లేద్దాం అనుకునే సమయానికి చివర్న ఒకటి ఉండేది. "ఇసుకలో ఉన్నవాడికి ఒకటి" అనేది సబీనా. దానికి నిత్య విశ్రాంతి చెప్పేవాళ్ళం. ఎవరని ఎవరూ అడగలేదు. మా దగ్గర ఇసుక అంటే సముద్రం మింగి ఒడ్డున పడేసిన మనిషే. సబీనా తమ్ముడు మార్టిన్ పడవ బోల్తాపడి పోయాడు. తమ్ముడి పేరు నోటితో అనలేక అలా అంటోందని అందరం అనుకున్నాం. ఆవిడ పోయాక కొసరు ఆస్టిన్ చేతికొచ్చింది. ఆయనా ఒక్క ముక్క మార్చకుండా అదే చెప్పేవాడు.

గుండె నొప్పి రెండోసారి వచ్చిన శీతాకాలం ఆస్టిన్ కూతుర్ని మంచం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకు ఎనభై అయిదు. నేను పొయ్యిలో ఎండిన పీట్ మట్టి గడ్డలు వేస్తూ అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, ఆ మనిషి పారిపోయాడా, పోయాడా? ఏదో ఒకటి తేల్చు" అన్నాడు.

"ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు నాన్నా?"

"పైకి పోయాక ఎదురుపడితే ముక్కు మీద గుద్దాలో, చెయ్యి కలపాలో తెలీద్దూ? అది తెలీకుండా నన్ను ఈ గుమ్మం దాటించి మోసుకెళ్ళకు."

ఆయన నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. పారిపోయినవాడి కొడుకుగా చచ్చిపోవడం ఆయనకు ఇష్టం లేదు. అంతే.

సందు చివర పిల్ల ఇంట్లోకి వెళ్ళేదాకా కదలని మనిషికి ఈ పని అప్పజెబితే ఏమవుతుంది? ఆ శీతాకాలమంతా సెలవు దొరికిన ప్రతి రోజూ అట్రాక్టా గాల్వే అని, డబ్లిన్ అని తిరిగింది. మాయమైన రెండో కథను పట్టుకుంది. సిపాయిగా పోయి ఉంటే ఎక్కడో ఒకచోట పేరుండాలి కదా అని, మన కుర్రాళ్ళు చేరే ఐర్లండ్ పటాలాలన్నిటిలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు వెతికించింది. పాడెన్లు దొరికారు గాని మా మైల్స్ దొరకలేదు. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆస్టిన్ కిటికీ దగ్గర నిలబడి ఉండేవాడు. ఆమె ముఖం చూసి, "పాలపిల్లే గెలిచిందన్నమాట" అని వెళ్ళి కూర్చునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా అమ్మమ్మ మీద ఒళ్ళు మండేది.

వేసవి వచ్చింది. మా సమాధుల ఆదివారం వేసవిలోనే. ఫాదర్ వచ్చి సమాధులకు దీవెన ఇచ్చే ముందు రోజు ఊరంతా బకెట్లు, బ్రష్షులు పట్టుకుని శ్మశానంలో వాలిపోతుంది. ఎవరి రాయి నాచు పట్టి ఉంటే వాళ్ళ పరువు పోయినట్టే. అట్రాక్టా మోకాళ్ళ మీద కూర్చుని నానమ్మ రాయి తోముతోంది. నేను కలుపు పీకుతున్నాను. ఆస్టిన్ మడత కుర్చీలో కూర్చుని ఇద్దరికీ వంకలు పెడుతున్నాడు.

"ఆ మూల వదిలేశావ్. మార్టిన్ మామయ్య పేరు మీద ఇంకా నాచుంది. నీకు కళ్ళద్దాలు మార్చాలి."

అట్రాక్టా బ్రష్షు ఆ పేరు మీదికి తెచ్చింది. రెండు రుద్దులు రుద్ది ఆగిపోయింది.

"నాన్నా, మార్టిన్ మామయ్య ఇక్కడే ఉన్నాడు కదా?"

"ఇంకెక్కడుంటాడు? లేచి డాన్సుకెళ్ళాడా?"

"అంటే ఇసుకలో లేడు."

"రాళ్ళ మధ్య దొరికాడు. మట్టిలో పెట్టాం. ఏంటే నీ గొడవ?"

"ఆయన పోయేటప్పటికి నీకెన్నేళ్ళు?"

"పన్నెండో ఏమో. ఫాదర్‌ని పిలుచుకురావడానికి పరిగెత్తింది నేనే."

"మరి అంతకుముందు నానమ్మ కొసరులో ఇసుకలో ఉన్నవాడు లేడా?"

ఆస్టిన్ కుర్చీలో ముందుకు వంగి రాయి మీది పేరు మళ్ళీ చదివాడు.  

"ఉన్నాడు. నాకు మాటలొచ్చినప్పట్నుంచీ ఉన్నాడు." తన పక్కన ఖాళీగా ఉన్న గడ్డి వైపు చూశాడు. "మార్టిన్ మామయ్య నా పక్కనే మోకాళ్ళ మీద ఉండేవాడు. నా చెవిలో గడ్డిపోచ పెట్టి సతాయించేవాడు. తనూ ఆమెన్ అనేవాడు."

"అయితే ఎవరు నాన్నా?"

"నాకేం తెలుసే? జపం చెప్పేటప్పుడు ఎవడు ఆలోచిస్తాడు?"

 నేను పీకిన కలుపుతో పాటు ఒక మంచి పూలమొక్కను కూడా పీకేశానని అప్పుడే గమనించాను.

ఇంటికి వెళ్ళే దారిలో అట్రాక్టా నా చెయ్యి పట్టి ఆపింది. "వినవే. పోయాడని నానమ్మకి తెలుసు. లేకపోతే నిత్య విశ్రాంతి చెప్పించదు. ఇసుకలో పోయాడనీ తెలుసు. ఎవరో చెప్పారు. ఎవరు చెప్తారు? దుంపల జట్టే. అతను ఉన్నది స్కాట్లండ్‌లో. సిపాయి అయితే అక్కడే అయ్యుంటాడు, అక్కడి పటాలంలోనే చేరుంటాడు. ఐరిష్ వాడు ఐరిష్ పటాలంలోనే ఉంటాడని నేను ఇన్నాళ్ళూ ఈ దేశమంతా తవ్వుతున్నా. నా అంత దద్దమ్మ ఎక్కడైనా ఉందా?"

"నీ పక్కనే ఉంది. నాకూ తట్టలేదుగా" అన్నాను.

"అయితే బట్టలు సర్దుకో."

ఇలా నా ప్రమేయం లేకుండా నేను స్కాట్లండ్ వెళ్ళాను. పడవలో కడుపులో ఉన్నదంతా సముద్రానికి అర్పించుకున్నాను. మా వాళ్ళు వెళ్ళిన పొలాలు గిర్వన్ వైపు అని ఊళ్ళో అందరికీ తెలుసు. అట్రాక్టా కారును కూడా బస్సులాగే నడిపింది. పిల్లలెవరైనా రోడ్డు పక్కన కనిపిస్తే చాలు, వాళ్ళు ఎక్కుతారేమోనన్నట్టు ఆగిపోయేది. మొదటి పొలంలో ఒక కుర్ర రైతు, దుంపలు ఇప్పుడు యంత్రాలే తవ్వుతాయని, ఐరిష్ వాళ్ళ సంగతి తన తాతకే తెలియాలని చెప్పాడు. తాత పోయి చాలా కాలమైందట. "మీ వాళ్ళు ఆదివారాలు ఆ చర్చికి వెళ్ళేవాళ్ళని విన్నా" అని కొండ మలుపులో ఉన్న చిన్న కట్టడం చూపించాడు.

చర్చిలో ఒక ముసలావిడ బెంచీలు తుడుస్తోంది. పేరు మిసెస్ మెక్‌క్రిండిల్. అంతకుముందు వాళ్ళమ్మ తుడిచేదట. మేం దుంపల వాళ్ళ కోసం అడగబోయేలోపే, నేను తీర్థపు నీళ్ళ తొట్టిలో వేళ్ళు ముంచి తలెత్తాను. గోడకు అరచెయ్యంత ఇత్తడి రేకు. అద్దంలా మెరుస్తోంది. మైల్స్ పాడెన్, ఎరిస్, మేయో. గాజా దగ్గర పోయాడు, 1917. అతని కోసం ప్రార్థించండి. దాని కింద, దుంపల జట్టు.

 అట్రాక్టా కోటు పట్టి లాగాను.

ఆమె చదివింది. ఏడవలేదు. మా చర్చిలో ఏ రేకు కనిపించినా చేసేటట్టే, కోటు చేతి కొసతో ఆ పేరును ఒకసారి తుడిచింది. అక్కడ తుడవాల్సిన దుమ్మేం లేదు.

"ఇది ఎవరు పెట్టించారమ్మా?" అని నేనే అడిగాను.

"దుంపల వాళ్ళే తల్లీ" అంది మిసెస్ మెక్‌క్రిండిల్. "మా అమ్మ చెబుతుండేది. ఆ అబ్బాయి పొలం అడ్రసే ఇచ్చి సిపాయిల్లో చేరాడట. పోయాడన్న కబురు వాళ్ళు పడుకునే పశువుల కొట్టానికే వచ్చింది. అందరూ తలా కాస్త వేసుకుని ఇది చేయించారు. ఇదేదో మీ ఊళ్ళో పెట్టుకోవచ్చుగా అని మా అమ్మ అడిగిందట. అక్కడ పెడితే అతని కొడుకుని బతకనివ్వరండీ, పెళ్ళాం వద్దంది అన్నారట."

"వద్దంది..." అంది అట్రాక్టా.

"ఆ. ఆమె ఎన్నడూ రాలేదు. కానీ ప్రతి వేసవీ జట్టు రాగానే ఒకావిడ సంచి కూడా దించకుండా ముందు ఇక్కడికొచ్చి దీన్ని తోమేది. గట్టి నవ్వు ఆవిడది, చర్చి అదిరిపోయేది. వయసు మీరి రాలేకపోయిన ఏడాది మా అమ్మకి అప్పజెప్పింది. మా అమ్మ నాకు. ఆవిడ పేరు విన్నీ."

మా అమ్మమ్మ కడుపులో ఏ మాటా నిలవదని ఊరంతా అనుకునేది. ఆ మాట నేనూ నమ్మాను. పాలపిల్ల ఎర్రజుట్టూ మెల్లకన్నూ ఎందుకు పుట్టాయో అప్పుడు తెలిసింది. జనం ఆ పాలపిల్ల గురించి నవ్వుకుంటున్నంత కాలం సిపాయి గురించి అడగరు. మాకు స్వతంత్రం కోసం తుపాకులు పేలుతున్న రోజుల్లో ఇంగ్లీషు రాజు కోటు తొడిగినవాడి ఇంటి తలుపు ఎవరైనా తడితే, అది మంచికి కాదు. తర్వాత కూడా ఆ మరక తరాల పాటు పోలేదు. అందుకని సబీనా పిల్లవాడిని ఒళ్ళో పెట్టుకుని ఆలోచించింది. సిపాయి కొడుకు కంటే పారిపోయినవాడి కొడుకుగానే వీడు బతకగలడు అనుకుంది. తనకు రావలసిన పెన్షను అడగలేదు, అడిగితే నలుగురికీ తెలుస్తుంది. వితంతువుగా నల్ల బట్ట కట్టుకునే మర్యాద కూడా వదులుకుని, మొగుడు వదిలేసిన ఆడదాని పేరు నెత్తిన పెట్టుకుంది. జట్టు జట్టంతా ఆమె మాటకు నోటికి తాళం వేసుకుంది. మా ఊళ్ళో ఒకడు తుమ్మితే పక్క ఊళ్ళో దీవిస్తారు. అలాంటి ఊళ్ళో అంతమంది, చచ్చేదాకా, ఒక్క మాట జారలేదు. 

బయటికొచ్చాక అట్రాక్టా కొంత దూరం మామూలుగానే నడిపింది. ఉన్నట్టుండి కారు రోడ్డు పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. అప్పుడు కూడా ఇండికేటరు వేయడం మరిచిపోలేదు. అది టక్ టక్ మంటూనే ఉంది, ఆమె ఏడుస్తూనే ఉంది. "పిచ్చిది, ఒక్కతే మోసిందే" అంది నానమ్మ గురించి. తర్వాత ముక్కు చీది, "నాన్నకి ఫోన్లో చెప్పను. ఇంటికెళ్ళే చెప్తా" అని గేరు వేసింది. దారిలో స్కాట్లండ్ పటాలం వాళ్ళను అడిగితే ఈసారి వెంటనే దొరికాడు. వయసు ఇరవై ఆరు. గాజాలో సిపాయిల సమాధుల తోటలో, పేరుతో సహా ఉన్నాడు.

మేం తిరిగొచ్చేసరికి ఆస్టిన్ కిటికీ దగ్గర లేడు. పొయ్యి దగ్గర కుర్చీలో టోపీ పెట్టుకుని, ఎవరి కోసమూ చూడనట్టు కూర్చున్నాడు.

"ఎలా ఉంది పాలపిల్ల?" అన్నాడు.

"పాలపిల్ల లేదు నాన్నా. ఎప్పుడూ లేదు." అట్రాక్టా ఆయన ముందు నేల మీద కూర్చుని అంతా చెప్పింది. రేకు, జట్టు, విన్నీ, గాజా, ఇసుక. 

"అంటే ఇంగ్లీషు రాజు సిపాయా" అన్నాడు చివరికి.

"అవును."

"థూ." పొయ్యిలోకి ఉమ్మేశాడు. నోరు తుడుచుకుని, "ఎన్నేళ్ళు?" అన్నాడు.

"ఇరవై ఆరు."

"పిల్లాడే" అన్నాడు ఆస్టిన్. "ఇంకా పిల్లాడే." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఎందుకు చేరాడట?"

"అది ఎవరికీ తెలీదు. పైన కలిసినప్పుడు నువ్వే అడుగు."

అప్పుడు ఆయనకు కోపం వచ్చింది. ఆ కోపం చచ్చిపోయిన తల్లి మీద. చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"బళ్ళో ముక్కు పగలగొట్టించుకుని ఇంటికొస్తే రక్తం తుడిచి పాలిచ్చిందే! అప్పుడైనా చెప్పొచ్చుగా! పారిపోయినవాడి కొడుకుని చేసి కూర్చోబెట్టింది నన్ను. రోజుకి పదిసార్లు ఆయన్ని తిట్టానే నేను! వింటూ కూర్చుందా? ఒక్క మాట... నా చెవిలో ఒక్క మాట చెప్తే ఏం పోయేది?"

"చెప్పింది నాన్నా" అంది అట్రాక్టా. "రోజూ చెప్పింది. మీ నాన్న పోయాడు, ఇసుకలో ఉన్నాడు, అతని కోసం ప్రార్థించు అని. నువ్వు ఆమెన్ అన్నావు. పగలు ఎన్ని తిట్టినా, సాయంత్రం ఆయన కోసం ప్రార్థించకుండా ఒక్క రోజు కూడా పడుకోలేదు నువ్వు. ఆవిడ పడుకోనివ్వలేదు."

 ఆస్టిన్ చేతికర్ర దానంతటదే జారి నేల మీద పడింది. తీద్దామని నేను వంగితే, "వదిలెయ్" అన్నాడు.

నేను టీ పెట్టాను. ఎవరూ తాగలేదు. బయట ఇంకా వెలుతురుగానే ఉంది, మా వేసవి సాయంత్రాలు అంత తొందరగా పోవు. ఆస్టిన్ మేకుకి వేలాడుతున్న జపమాల అందుకున్నాడు. గుండె జబ్బు మొదలయ్యాక కుర్చీలో కూర్చునే చెప్పేవాడు. ఆ రోజు మాత్రం ఎంత వద్దన్నా వినకుండా, కుర్చీ పట్టుకుని మెల్లగా మోకాళ్ళ మీదికి దిగాడు. మేమిద్దరం చెరోవైపు దిగాం.

జపమాల అయింది. కొసరు మొదలైంది. తల్లి నేర్పిన వరసలోనే. ఆమె అమ్మానాన్నలకు, చెల్లెలికి, స్కాట్లండ్ పొలాల్లో ఉన్నవాళ్ళకు, ఇప్పుడక్కడ ఎవరూ లేకపోయినా. పడవల్లో ఉన్నవాళ్ళకు. సబీనాకు ఒకటి. "విన్నీకి ఒకటి" అని నా వైపు చూడకుండా అన్నాడు, ఇంతకు ముందెన్నడూ లేనిది. ఆ తర్వాత ఆగిపోయాడు. వయసు మీద పడి ముడతలు తేలిన ఆ చేతులు కుర్చీ అంచును గట్టిగా పట్టుకున్నాయి.  అలవాటైన మాట ఎక్కడో అడ్డుపడింది.

"మా నాన్నకి" అన్నాడు. "మా నాన్న మైల్స్‌కి ఒకటి."

అట్రాక్టా కుర్చీలో ముఖం దాచుకుంది. ఆ నిత్య విశ్రాంతి నేనొక్కదాన్నే చెప్పాను. ఆమెన్ మాత్రం ఆస్టిన్ చెప్పాడు.